త్రైరాశికానికి ఒప్పుకోని పండుగప్పలు

ఆ రోజుల్లో యానాంలో చేప కొనడానికి కాటా అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు. బజారులో తూచి ఇచ్చేవారు గాని, గోదావరి గట్టున పడవ దగ్గర కొంటే మాత్రం చేప పక్కన చెయ్యి ఆనించి జానెడు, మూరెడు అనుకోవడమే. ఆ రోజులంటే మరీ పాత రోజులేమీ కావు. రెండు వేల అయిదో సంవత్సరం, వానాకాలం. (తేదీ కూడా నా దగ్గర ఉంది. అడిగినవాళ్ళకి చెబుతాను.) అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు నిండాయి. 'ఆ రోజుల్లో' అని పడుచుతనపు ముచ్చటలా ఈవిడ నలభై తొమ్మిదో ఏట మొదలుపెట్టిందేమిటి అనుకోకండి. నేను ఇల్లు దాటి పనిలో పడింది ఆ ఏడే. పనిలో చేరిన రోజు నుంచి వయసు లెక్కపెడితే అప్పటికి నేను ఉయ్యాలలో పిల్లనే. ఆ వయసు పిల్లలకి ఉండే తెలివీ, అంతకు మించిన ధైర్యమూ నాకు ఉండేవి.

మా తమ్ముడి భార్య చేపల పులుసు పెడితే కనకాలపేట మూడు వీధుల్లో ఆకలి లేనివాళ్ళకి కూడా ఆకలి వేసేది. ఆ చేతిని నమ్ముకుని మా వీధి ఆడవాళ్ళం అయిదుగురం కలిసి విందులకు వండిపెట్టే పని మొదలుపెట్టాం. మా మరదలు గరిటె, మిగతా ముగ్గురూ కత్తిపీటలు, నేను లెక్కలు. ఊళ్ళో అందరికీ నేను 'లెక్కల వదిన'ని. ఆ పేరు తగ్గకుండా ఉండాలని, ఎవరైనా రెండు వంకాయలు కొంటుంటే కూడా వెళ్ళి గుణించి పెట్టేదాన్ని.

మాకు వచ్చిన మొట్టమొదటి పని త్రైరాశికం మాస్టారింటి విందు. ఆయన చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పారు. పదిమంది కూలీలు ఆరు రోజుల్లో గోడ కడితే పదిహేనుమంది ఎన్నాళ్ళకి కడతారన్న రకం లెక్కలు ఆయన ఎంత చెప్పారంటే, ఊరు ఆయన అసలు పేరు మరిచిపోయింది. రిటైరయ్యాక కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆదివారం పదకొండు గంటలకి పాస్టరుగారితో ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన, ఆ తర్వాత తొంభైమందికి పండుగప్ప పులుసుతో భోజనం. ఆయన రెండే షరతులు పెట్టారు. "ఒక్కరికి తక్కువవడానికి వీల్లేదు. ఒక్క ముక్క పారెయ్యడానికీ వీల్లేదు. ఈ రెండూ కుదిరాయా, క్రిస్మస్‌కి చర్చి విందు మీకే ఇమ్మని కమిటీకి చెబుతాను. కుదరలేదా, మళ్ళీ మా గుమ్మం ఎక్కకండి." మాకు కావలసింది ఆ చర్చి విందే. అది దక్కితే మేము వంటవాళ్ళం; దక్కకపోతే మళ్ళీ ఎవరింట్లో వాళ్ళు వండుకునేవాళ్ళం.

మనిషికి రెండు వందల గ్రాముల చొప్పున తొంభైమందికి పద్ధెనిమిది కిలోలు. ఇంతవరకూ తప్పులేదు. శనివారం సాయంత్రం దరియాలతిప్ప నుంచి మా పడవ మనిషి ఫోన్ చేశాడు. చొక్కా గుండీలు పెట్టకుండా తిరిగేవాడు, గాలికి అది ఎగురుతుండేది, అందుకని అతన్ని తెరచాప అనేవాళ్ళం. అప్పట్లో సెల్‌ఫోన్ అందరి దగ్గరా ఉండేది కాదు. మా అయిదుగురికీ కలిపి ఒకటే, అది నా దగ్గర. మాట్లాడితే మనకే వినబడదన్నట్టు అందరం అరిచేవాళ్ళం.

"అక్కగారో! పండుగప్పలు పడ్డాయండీ! ఏరు చేపలు, చెరువు సరుకు కాదండోయ్! మూరెడేసి ఉన్నాయి. ఎన్ని పంపమంటారు?"

"ఉండు, లెక్క వేస్తాను!"

"లెక్కెందుకండీ, నే చెప్తాను కదా..."

"నువ్వు చెప్పొద్దు. పట్టుకో."

నేను రోజూ ఇంటికి కొనే పండుగప్ప జానెడు. దాని బరువు నూట యాభై గ్రాములు. (సరదాకి కొట్లో తూపించి పెట్టుకున్నాను. నాకున్న సరదాలు అవే.) జానెడు నూట యాభై అయితే, రెండు జానల మూరెడు ఎంత? మూడు వందలు. పద్ధెనిమిది కిలోలకి మూడు వందల గ్రాముల చేపలు ఎన్ని? అరవై. త్రైరాశికం అచ్చుగుద్దినట్టు వచ్చింది.

"అరవై పంపు!"

"అరవయ్యా అండీ? అక్కగారూ, పెళ్ళా? ప్రతిష్ఠ అన్నారు?"

"అరవై అన్నాను, అరవై పంపు. నా లెక్కకి ఎదురు చెప్పకు!"

"ఆయ్, అలాగేనండీ. నా దగ్గరున్నవి చాలవు గాని, తిప్పలో పడవలన్నీ తిరిగి పోగుచేత్తాను."

ఆదివారం తెల్లవారగానే మాస్టారింటి పెరట్లో గాడిపొయ్యి తవ్వించి, మసాలా నూరుకుని కూర్చున్నాం. ఆటో వచ్చింది. దాని వెనక ఇంకో ఆటో వచ్చింది. వెనకదాంట్లో ఎవరో చుట్టాలు కాబోలు అనుకున్నాను. చుట్టాలు కాదు. రెండు ఆటోల్లోంచీ ఐసు నీళ్ళు కారుతున్నాయి. తెరచాప కిందకి దిగి గోనెపట్టా తీశాడు. వెండిలా మెరుస్తూ, ఒక్కొక్కటీ పసిపిల్లాడంత లావు పండుగప్పలు! మా దగ్గరున్న మూడు గంగాళాలూ మొదటి ఆటో సగం దిగేసరికే నిండిపోయాయి. తర్వాత మాస్టారింటి బట్టల తొట్టి నిండింది. తర్వాత కొత్త స్నానాలగది గచ్చు నిండింది. ఇంటివాళ్ళ కంటే ముందు ఆ గదిని ప్రతిష్ఠ చేసింది పండుగప్పలే.

"బాబోయ్, ఇదేటి వదినా!" అంది మా మరదలు నెత్తిన చెయ్యి పెట్టుకుని. "తొంభైమందికా ఇది, తొమ్మిది ఊళ్ళకా?"

"అరవయ్యే! లెక్కపెట్టుకో."

"అరవయ్యే కానీ, ఒక్కోటీ చూసేవా? నేనెత్తలేకపోతన్నాను!"

తెరచాప అరవైకి కొసరుగా ఒక జానెడు పండుగప్పని కూడా పైన పడేసి, "కొసరండీ" అని పళ్ళికిలించాడు. మిగిలినవి తిరిగి పట్టుకుపొమ్మంటే, "పదిమంది దగ్గర పోగుచేసిన సరుకండీ, ఎవరిది ఎవరికివ్వను?" అని ఆటో ఎక్కేశాడు. ఐసు కరుగుతోంది. ఎండ వస్తోంది. ఒక్క ముక్క పారెయ్యకూడదన్న మనిషి లోపల గడ్డం గీసుకుంటున్నాడు.

ఆ సమయంలో ఎవరైనా ఏడుస్తారు, లేకపోతే చేపలు కోస్తారు. నేను మాత్రం ఆ కొసరు చేపని పట్టుకుని నిలబడిపోయాను. దాన్ని తీసుకెళ్ళి ఒక మూరెడు చేప పక్కన పెట్టాను. పొడవుకి రెండు, నిజమే. కాని చిన్నదాన్ని పెద్దదాని పొట్ట మీద పెట్టి చూస్తే వెడల్పుకీ రెండు పడుతున్నాయి! పెద్దదాన్ని నిలబెట్టి వీపు చూశాను. మందానికీ రెండు! పొడవుకి రెండు, వెడల్పుకి రెండు, మందానికి రెండు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది! మూరెడు చేపలో జానెడు చేపలు రెండు కాదు, ఎనిమిది ఉన్నాయి! ఎనిమిది నూట యాభైలు పన్నెండు వందలు!

"కాటా! ఎవరైనా కాటా తెండి!" అని నేను అరిచిన అరుపుకి పక్కవీధి పాత ఇనుము కొట్టాయన తన స్ప్రింగు కాటాతో పరుగెత్తుకొచ్చాడు, ఎవరికో ఏదో అయిందని. చేపని కొక్కేనికి తగిలించాను. కిలో రెండు వందల దగ్గర ముల్లు ఆగింది. నా గుండె మాత్రం ఆగలేదు. బ్లౌజులు కుట్టే టేపు ఎప్పుడూ నా సంచిలో ఉండేది. అది తీసి మెడలో వేసుకుని, ఒక్కో చేపనీ మూతి నుంచి తోక దాకా కొలవడం మొదలుపెట్టాను.

"వదినా!" మరదలు గరిటె పట్టుకుని మీదకొచ్చింది. "ఇక్కడ మన పరువు కుళ్ళిపోతుంటే చేపలకి జాకెట్టు కొలతలు తీత్తన్నావా? చేతులెంత పెట్టమంటావు, పొట్టివా, మోచేతుల దాకానా?"

"అమ్మాయ్, నోరు మూసుకుని ఆ పెద్దదాన్ని ఇలా పెట్టు. ఇరవై అంగుళాలు. జాన తొమ్మిది అంగుళాలు. ఇరవైని ఇరవైతో, మళ్ళీ ఇరవైతో గుణించి..." (అక్కడున్న అందరూ తలలు తిప్పేసుకున్నారు, కనుక మీకు మధ్యలోది వదిలేస్తున్నాను.) "పదహారు వందల నలభై గ్రాములు. తగిలించు!"

కిలో ఆరు వందలు. నలభై గ్రాములు తేడా. మరదలి కోపం ఎక్కడికో పోయింది. "ఇదో, ఇది చెప్పు!" అని ఇంకోటి లాగింది. చెప్పాను. కుదిరింది. "ఇది?" కుదిరింది. ఇనుము కొట్టాయన కూడా ఉత్సాహం పట్టలేక, "ఇది చెప్పండమ్మా, ఇది చెప్పండి!" అని తనే తొట్టిలోంచి తీసి ఇచ్చాడు. అది మాత్రం నా లెక్క కంటే వంద గ్రాములకి పైగా ఎక్కువ తూగింది. నా మొహం పాలిపోయింది. మరదలు దాని పొట్ట కోసింది. లోపల మింగిన చేప మింగినట్టే ఉంది! "రెండు చేపల్ని తూచి నన్నంటారేం!" అని నేను గచ్చు మీద గెంతాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని, తడి గచ్చు మీద, పొలుసుల మధ్య.

ఆ గెంతుకే మాస్టారు గుమ్మంలోకి వచ్చారు, సగం గడ్డం నురగతో. తొట్టి చూశారు. గంగాళాలు చూశారు. స్నానాలగది చూశారు.

"ఎన్ని కిలోలమ్మాయ్?"

"డెబ్భై రెండు అటూ ఇటూగా అండీ."

"ఎన్ని కావాలి?"

"పద్ధెనిమిది."

"ఎలా వచ్చింది ఇది?"

"త్రైరాశికం చేశానండీ. మీరు నేర్పిందే."

"నేను గోడలకి నేర్పాను, కూలీలకి నేర్పాను. చేపలు ఒప్పుకున్నాయని ఎప్పుడు చెప్పానమ్మా?" అన్నారు. ఆ తర్వాత అలవాటు చొప్పున గాలిలో వేలితో రాసుకుంటూ గొణిగారు. "పద్ధెనిమిది కిలోలకి తొంభైమంది. డెబ్భై రెండు కిలోలకి... మూడు వందల అరవై." మనుషులకి మాత్రం త్రైరాశికం పనిచేస్తుంది. "ఇంకా రెండు వందల డెబ్భైమంది కావాలి. ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

మాస్టారి వెనక నుంచి వాళ్ళావిడగారు, చాలా మెల్లగా, "అడవిపొలం" అన్నారు.

పక్కూరు అడవిపొలంలో మాస్టారి తమ్ముడుగారున్నారు. తండ్రిగారి పడక కుర్చీ ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మొదలైన మాట పట్టింపు, ఏళ్ళ తరబడి రెండు ఇళ్ళకీ రాకపోకలు లేకుండా చేసింది. ఆయన వైపు చుట్టాలూ, వాళ్ళ వీధీ, ఆ పక్క చర్చివాళ్ళూ ఎవరికీ పిలుపు వెళ్ళలేదు. తొంభైమంది అన్న అంకె అంత చిన్నగా ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

"వాడెందుకు వస్తాడు?" అన్నారు మాస్టారు.

"చేపలు పాడైపోతన్నాయని చెప్పండి," అంది మా మరదలు. "మీ కోసం రమ్మనకండి. చేపల కోసం రమ్మనండి."

ఆయన నా చేతిలోని ఫోన్ తీసుకుని గోడ పక్కకి వెళ్ళారు. అరిస్తేనే వినబడుతుందని అందరూ అనుకునే ఆ రోజుల్లో కూడా, ఆయన ఏం మాట్లాడారో ఎవరికీ వినబడలేదు.

పది గంటలకి ట్రాక్టరు వచ్చింది, దాని వెనక సైకిళ్ళ మీదా, నడిచీ సగం అడవిపొలం వచ్చింది. వాళ్ళు వచ్చింది తినడానికే కాదు. ఆడవాళ్ళందరూ కత్తిపీటలు చంకన పెట్టుకుని వచ్చారు, నాలుగు గంగాళాలు కూడా తెచ్చారు. తమ్ముడుగారు ట్రాక్టరు దిగుతూనే, "నేన్నీ కోసం రాలేదురా అన్నయ్యా. పండుగప్పని పారబోత్తావని వచ్చాను," అన్నారు. "సరేలే, కాళ్ళు కడుక్కో," అన్నారు మాస్టారు. అంతే మాట్లాడుకున్నారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ పెరట్లో పొలుసు తీస్తున్న చప్పుడు ఆగలేదు. పాస్టరుగారు కూడా, పులుసు వాసన గుమ్మం దాటి వచ్చేసరికి, ప్రార్థన కాస్త తగ్గించారని నా అనుమానం. బంతి తర్వాత బంతి లేస్తోంది. మరదలు పులుసు, వేపుడు, మళ్ళీ పులుసు. చివరి బంతిలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒక తలకాయ ముక్క దగ్గర "నువ్వు తీసుకో", "నువ్వే తిను" అని పోట్లాడుకున్నారు. ఒక్కరికీ తక్కువ కాలేదు. ఒక్క ముక్కా పారెయ్యలేదు. క్రిస్మస్ విందు మాకే వచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు గట్టు మీద నాకు దొరికిన చేపనల్లా కొలిచాను. చందువాకి ఒక గుణకం, రిబ్బనులా సాగే సావిడాయికి ఇంకొకటి. మూడుసార్లు గుణించడం అందరికీ ఒకటే గాని, మొదలుపెట్టే అంకె జాతి జాతికీ వేరు. చేప ఆకలితో ఉందా, మేసి ఉందా అన్నది కూడా చూసుకోవాలి. ఇదంతా చదువుకున్నవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసని తర్వాత ఎవరో చెప్పారు. అయినా నాకేమీ చిన్నతనం అనిపించలేదు. నా చేప నేను కొలుచుకున్నాను.

ఇప్పుడు డెబ్భై దగ్గరకి వచ్చాక, అప్పుడప్పుడు ఆ శనివారం సాయంత్రం నాటి మనిషి కళ్ళ ముందు మెదులుతుంది. ఫోన్ చెవికి ఆనించుకుని, తన లెక్కకి ఎవరూ ఎదురు చెప్పకూడదని అరుస్తూ. వెళ్ళి భుజం తట్టి, "పదిహేను చాలమ్మా" అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. అంత దాకా వెళ్ళి, పెదవి కదిపి, మళ్ళీ ఆగిపోతాను. పదిహేను చేపలొస్తే తొంభైమంది భోంచేసి వెళ్ళిపోతారు. కానీలే, అరవై అనే చెప్పనీ.