ముసలితనంతో పోయిన కోడి

మా కోడి చనిపోయింది. కోళ్లు పుట్టిందే అందుకు కదా అంటారేమో. మా కోడి ముసలితనంతో చనిపోయింది. కత్తి మొహం చూడకుండా కన్నుమూసిన నాటుకోడి మదనపల్లె చరిత్రలో ఇదొక్కటేనని ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. ఉదయం లేచి చూస్తే, టమోటా క్రేటులో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. వయసు తొమ్మిదేళ్లు. మనిషి లెక్కలో నూట ఎనభై అనుకోండి.

మా అత్తగారిది పుంగనూరు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. అల్లుడు గడప దాటితే ఒక కోడిని కోయాలి, అల్లుడు తిరుగు ప్రయాణమైతే ఇంకో కోడి కాళ్లు కట్టి సంచిలో పెట్టి పంపాలి. పుంగనూరు కోళ్లకు నా అంత పెద్ద గండం నక్కలు కూడా కాలేదు. తొమ్మిదేళ్ల కిందట అలా సంచిలో వచ్చిందే ఈ కోడి. బస్సు మదనపల్లె చేరేలోపు అది మా ఆవిడ ఒళ్లో గుడ్డు పెట్టింది. "నన్ను నమ్మి పెట్టిందండీ," అంది మా ఆవిడ. అంతే, కత్తి అటకెక్కింది. కోడి ఆమెకు పాప అయింది. టమోటా ధర ఆకాశాన్నంటిన నెలల్లో నేను ఉత్త చింతపండు చారుతో సర్దుకున్నాను గానీ, పాపకు రోజూ ఒక పండు తప్పలేదు. కాయ పెడితే ముట్టేది కాదు.

అలాంటి పాప పోయినా మా ఆవిడ ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది. ముందురోజు పాప గింజలు మానినప్పటి నుంచి తనూ తిండి మానేసింది. గుమ్మంలో కూర్చుని క్రేటు వైపు చూస్తోంది. పక్కింటావిడ పరామర్శకు వచ్చింది.

"నిన్ననే సూసుకోని కోసుండచ్చు గదమ్మా. ముదురుదే అనుకో, కుక్కర్లో పది విజిల్స్ పెడితే దారికొస్తాది."

మా ఆవిడ లేచి తలుపు వేసేసింది. పక్కింటావిడ లోపలే ఉండిపోయిన సంగతి కాసేపటి దాకా ఎవరూ గమనించలేదు.

మాది మేడ మీద అద్దె వాటా. కింద సిమెంటు, వీధంతా సిమెంటు. మట్టి కావాలంటే తులసికోటలో ఉన్నదే. "చెత్తబండి వచ్చే టైమయింది..." అని నోరు జారాను.

"ఇచ్చేయండి. నన్ను గూడా ఎక్కించి పంపీండి," అంది. క్రేటు పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "పుట్టిన తావులోనే పూడ్సాల. మనిషికి సేసినట్టు సేసి పూడ్సాల. అంతవరకూ నాకు ముద్ద దిగదు."

అందుకని పాపను, అప్పుడు అది వచ్చిన సంచిలాంటి సంచిలోనే పెట్టుకుని, పుంగనూరు బస్సెక్కాం.

"సంచిలో ఏముండాదప్పా?" అన్నాడు కండక్టరు.

"కోడి."

"కోడికి లగేజీ కొట్టాల."

"అది చనిపోయిందప్పా."

"మరి కూర సేసుకోకుండా యాడికి మోస్తాండారు?"

"మట్టి చేసేదానికి."

బస్సు మొత్తం మా వైపు తిరిగింది. బస్సు కూడా ఒక క్షణం తిరిగిందనే నా అనుమానం. శవానికి లగేజీ కొట్టే రూలు తనకు తెలియదని కండక్టరు ముందుకు వెళ్లిపోయాడు. వెనక సీటు పెద్దాయన మాత్రం నా భుజం తట్టి, "ఎవరి తరఫునప్పా?" అని అడిగాడు.

"మా అత్తగారి తరఫు," అన్నాను. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మేం వెళ్లేసరికి కుప్పంలో ఉద్యోగం చేసే మా బావమరిది, పొద్దున మా ఆవిడ ఫోను చేయగానే బయలుదేరి, బైకు మీద వచ్చేసి ఉన్నాడు. దారిలో వి.కోటలో టీ కూడా తాగలేదట.

"తొమ్మిదేండ్లుగా సూస్తాండా బావా దాన్ని. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఈసారన్నా కోస్తారేమో అనుకుంటా ఉంటి," అని కళ్లు తుడుచుకున్నాడు. అది ఏ రకం దుఃఖమో నేను విచారించలేదు.

సంచిని వసారాలో పెట్టి ముగ్గురం పెరట్లోకి వెళ్లాం. అత్తగారు ఇంట్లో ఎక్కడో ఉంది, ఆమెకు ఇంకా ఎవరం సంగతి చెప్పలేదు. నేను గడ్డపార అందుకున్నాను. ఆ నేల ఎంత గట్టిదంటే, నాలుగు పోట్లకు గడ్డపారే అరిగినట్టనిపించింది. మోకాటి లోతు తవ్వేసరికి ఇంట్లో నుంచి వాసన వచ్చింది. అల్లం, వెల్లుల్లి, లవంగం, పైన వేగిన ఎండుమిరప. మా బావమరిది కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. మా ఆవిడ మొహం తెల్లబోయింది.

అల్లుడు గడప దాటాడు. సంచిలో కోడి ఉంది. మా అత్తగారికి ఇంకేం కావాలి?

బడి రోజుల తర్వాత నేను పరుగెత్తింది అప్పుడే. వసారాలో సంచి ఖాళీగా ఉంది. పొయ్యి మీద కుండ కుతకుతలాడుతోంది. మా ఆవిడ గడప మీద కూలబడింది.

"అమ్మా, ఏం జేసినావే?"

"కోడికూర. అల్లుడొచ్చినాడు గదా," అంది అత్తగారు, గరిటె తిప్పుతూ.

"సంచిలోది..."

అత్తగారు గరిటెతోనే మూల చూపించింది. అక్కడ చేటలో పాప ఉంది. పసుపు నీళ్లతో కడిగి, నుదుట కుంకుమ పెట్టి, కొత్త రవికె గుడ్డ చుట్టి, పక్కన రెండు బంతిపూలు పెట్టింది.

"మెడ తెగిందో లేదో సూసుకునేంత సూపు నాకింకా ఉండాది. ముత్తైదువ మాదిరి పంపిద్దామని కుంకం పెట్టినా. దీని మొగుడు యాడుండాడో మనకేం తెలుసు? ఉండాడనే అనుకుందాం."

అప్పుడు ఏడ్చింది మా ఆవిడ. తొమ్మిదేళ్ల ఏడుపు ఒక్కసారిగా. తల్లి గరిటె పక్కన పెట్టి, పసుపు చేతులతోనే కూతురి తల పట్టుకుంది. నేనూ బావమరిదీ గుంత ఇంకాస్త లోతు చెయ్యాలని వంక పెట్టుకుని బయటికి నడిచాం.

పూడ్చి, నీళ్లు పోసుకుని, విస్తళ్ల ముందు కూర్చున్నాం. బావమరిది అడగనే అడిగాడు.

"అయితే కుండలో ఉండేది ఎవురుమా?"

అత్తగారు వేళ్లు మడిచి చూసుకుంది. "దాని సెల్లెలి మనవరాలి కూతురు."

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. మా ఆవిడ మాత్రం సంగటి ముద్ద తుంచి, చెనిక్కాయల చట్నీ అద్దుకుని, రెండు రోజుల తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అది దిగేదాకా చూసి, నేనూ చట్నీ వైపే జరిగాను. నా వాటా, మా ఆవిడ వాటా కూడా బావమరిదే భక్తిశ్రద్ధలతో ముగించాడు.

బయలుదేరేటప్పుడు అత్తగారు అలవాటు ప్రకారం కాళ్లు కట్టిన కోడిపెట్టను తెచ్చి, అదే సంచిలో పెట్టింది. మా ఆవిడ సంచి ఒళ్లోకి తీసుకుంది. లోపల చేయి పెట్టి కోడి కాళ్ల తాడు విప్పేసింది.

బావమరిది బైకు తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇంకో తొమ్మిదేండ్లా బావా?" అన్నాడు.