ఐదు బెల్టుల కారు

మా పెద్దమ్మ పోయింది. నిద్రలోనే, తెల్లవారేలోపు, ఎవరినీ లేపకుండా పోయింది. ఆ సంగతి చెప్పడానికి గుమ్మం దిగి మొదట కనబడిన ఇంటికి వెళ్లాను. ఆ ఇంటావిడ అరుగు మీద కూర్చుని చోళ్లు చెరుగుతోంది. చేట ఆపకుండానే అంది:

"మంచానికి బెల్టు కట్టుకోనేదేటి మీ పెద్దమ్మ?"

నేను పక్కింటికి వెళ్లాను. అక్కడ అయ్యో అన్నారు, అని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు డుంబ్రిగుడ సంత కావడం అందరికీ కలిసొచ్చింది. ఎండెక్కేసరికి ఊరు ఖాళీ అయిపోయింది. మా ఊళ్లో చావింటికి రానివాళ్లు ఉండరు. దొంగ చచ్చినా వస్తారు, తాగి పెళ్లాన్ని తన్నినవాడు చచ్చినా వస్తారు, వచ్చి వాడిలో ఏదో ఒక మంచి గుణం వెతికి మరీ ఏడుస్తారు. మా పెద్దమ్మకి మాత్రం రాలేదు. అందుకని ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే పని నా మీద పడింది. వినడానికి ఊళ్లో ఎవరూ లేరు కనక మీకు చెబుతున్నాను.

పెద్దమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది. ఊరు ఊరంతా వార్డెనమ్మ అనే పిలిచేది. పోయినవాళ్లని పొగడాలి కాబట్టి చాలా మంచి మనిషి అని రాసేయొచ్చు గానీ, రాస్తే ఆమే ఒప్పుకోదు. నోరు చెడ్డది. జ్వరమొచ్చిన పిల్లని ముందు వానలో తడిసినందుకు తిట్టి, ఆ తరవాతే మాత్ర ఇచ్చేది. రాత్రంతా ఆ పిల్ల పక్కన కూర్చునేదీ ఆమే. కూర్చున్నట్టు మర్నాడు ఎవరైనా అంటే మళ్లీ తిట్టేది.

మా కొండల్లో ఒక ఆనవాయితీ ఉంది. దారిలో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి బండి వెళ్లకూడదు. సర్వీసు జీపు నిండిపోయి, మనుషుల మీద మనుషులు కూర్చున్నా సరే, "సర్దుకోండి, సర్దుకోండి" అంటూ ఇంకొకరిని ఎక్కిస్తారు. లోపల పట్టకపోతే వెనక మెట్టు మీద, అక్కడా పట్టకపోతే టాపు మీద. చోటు లేదు అనే మాట నోట్లోంచి రాకూడదు. మా అమ్మకి కూడా ఎవరూ చోటు లేదనలేదు. మెట్టు మీద వేలాడుతూ సంతకి బయల్దేరి, మలుపులో చెయ్యి జారి పోయింది. అప్పటికి నాకింకా నడక కుదరలేదట. పెద్దమ్మ నన్ను తీసుకెళ్లి హాస్టల్ పిల్లల మధ్య వేసి పెంచింది. మా అమ్మ గురించి ఏనాడూ మాట్లాడలేదు. నేను పెద్దయ్యాక ఒక్కసారి మాత్రం అంది: "సోటు నేదని ఒక్కడైనా అనుంటే నీ తల్లి బతికుండును."

రిటైరయ్యాక కారు కొంటానంటే ఊరు సంబరపడింది. మా వీధి పెద్దాయన ఇంటికొచ్చి సలహా ఇచ్చాడు. "ఏడుగురు పట్టే బండి కొను వార్డెనమ్మా. సర్దుకుంటే పదిమందిమి ఎల్లొచ్చు." పెద్దమ్మ ఆయనకి కాఫీ ఇచ్చి పంపేసి, ఫోను తీసుకుని కూర్చుంది. బండ్లని గోడకేసి గుద్దించే వీడియోలు అన్నం తింటూ కూడా చూసేది. లోపల కూర్చోబెట్టిన బొమ్మ తల ఎటు ఊగింది, స్టీరింగు గుండెకి తగిలిందా, తలుపు మళ్లీ తెరుచుకుందా, అన్నీ ఆపి ఆపి చూసేది. నా కూతురు ఆ బొమ్మలకి దెబ్బ తగిలిందని ఏడ్చేది. "తగిలితేనే మనకి తెలుస్తాది. ఏడిసింది సాల్లే" అనేది పెద్దమ్మ.

విశాఖలో షోరూముకి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడి కుర్రాడు మంచి హుషారుగా ఉన్నాడు. పొడుగాటి ఏడు సీట్ల బండి చూపించి "సేఫ్టీ పరీక్షలో దీనికి నాలుగు స్టార్లు మేడమ్" అన్నాడు.

"ఏ పరీక్షలో? పాతదా, కొత్తదా?"

కుర్రాడు నా వంక చూశాడు. పాత పరీక్షలో నాలుగు తెచ్చుకున్న బండి, నిబంధనలు గట్టిపడ్డాక అన్నే తెచ్చుకుంటుందని లేదు. అది తెలియక జనం రెండు బండ్ల స్టార్లనీ పక్కపక్కన పెట్టి పోల్చేసుకుంటారని పెద్దమ్మ ఆ కుర్రాడికి అక్కడే క్లాసు పీకింది. తరవాత అడిగింది: "నాలుగూ పెద్దవాళ్లకి. పిల్లలకెన్ని?"

అతను ఫోనులో వెతికి, చిన్న గొంతుతో "రెండు" అన్నాడు. వెంటనే తేరుకుని, "కానీ సన్‌రూఫ్ ఉంది మేడమ్" అన్నాడు.

"అంటే పైకి చూస్తే చుక్కలు కనబడతాయి, బండికి మాత్రం ఉండవు."

చివరికి పెద్దలకీ పిల్లలకీ కూడా ఐదేసి ఉన్న బండి కొంది. ఐదు సీట్లే. ఇంక మీకేమీ కాదు మేడమ్ అని తాళాలిస్తూ కుర్రాడు నవ్వాడు. "ఎవరు చెప్పారు నీకు?" అని మళ్లీ పట్టుకుంది. చిన్న బండి ఐదూ పెద్ద బండి ఐదూ ఒకటి కావనీ, ఎదురుగా బరువైన లారీ వస్తే అది మన స్టార్లు లెక్కపెట్టి గుద్దదనీ, అసలు బెల్టు పెట్టుకోనివాడికి ఏ బండికీ స్టార్లు లేవనీ చెప్పి గానీ బయటికి రాలేదు. కుర్రాడు చెమట తుడుచుకున్నాడు. నాకు నవ్వాగలేదు.

కారు ఊళ్లోకి రాగానే పెద్దాయన చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు. "ఇంత డబ్బెట్టి ఐదుగురికేనేటి? మా జీపుకి ఏ సుక్కలూ నేవు, ఇన్నేళ్లుగా తిరగతంది."

"గుద్దుకోని రోజున అన్ని బళ్లకీ ఐదు సుక్కలే" అంది పెద్దమ్మ. ఆ మాట ఊళ్లో బాగా తిరిగింది. పిల్లలు సైకిలు తొక్కుతూ కూడా అనేవారు.

ఆ కారు ఎక్కడమంటే పరీక్ష రాయడమే. బెల్టు టక్కుమన్న చప్పుడు తన చెవులతో వినాలి. విన్నాక కూడా ఒక్కొక్కరిదీ గుంజి చూసేది. సంతలో కొన్న గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుంటే ఒప్పుకునేది కాదు, గుద్దుకుంటే అది ముందువాడి బుర్ర పగలగొడుతుందని డిక్కీలో పెట్టించేది. నేను ముచ్చటపడి అమ్మవారి బొమ్మని డాష్‌బోర్డు మీద అంటిస్తే మర్నాటికల్లా ఊడదీసి దేవుడి గూట్లో పెట్టింది. ఆ మూత కిందే గుద్దుకుంటే ఉబ్బే బెలూను ఉంటుందట, అది తెరుచుకుంటే బొమ్మ తుపాకీ గుండులా వచ్చి తగులుతుందట. "అమ్మోరిని ఇంట్లో మొక్కు. ఆవిడ సేత నన్ను సంపించకు" అంది. నా కూతురికి ప్రత్యేకంగా పిల్లల కుర్చీ కొని వెనక సీట్లో బిగించింది. ఆ కుర్చీని చూడ్డానికి అవతలి వీధి నుంచి కూడా జనం వచ్చారు.

ఐదు బెల్టులు, ఐదుగురు మనుషులు. ఆరో మనిషికి చెయ్యి అడ్డం పెట్టేది. అలా మా కొండల్లో మొట్టమొదట చోటు లేదన్న మనిషి మా పెద్దమ్మ. ఊరు గొణుక్కుంది, వెక్కిరించింది, అయినా భరించింది. ఎదురింటి పిన్ని కూతురి సంగతి జరిగిన రోజు దాకా భరించింది.

ఆ పిల్ల పెద్దమ్మ హాస్టల్లోనే చదువుకుంది. నర్సింగు కాలేజీకి దరఖాస్తు పెట్టించింది కూడా పెద్దమ్మే. ఆ పొద్దున మేము విశాఖ బయల్దేరాం. నేను నడుపుతున్నాను, పక్కన పెద్దమ్మ. వెనక నా కూతురు దాని కుర్చీలో, పక్కన కంటి ఆపరేషన్లకి వెళ్లే ఇద్దరు ముసలమ్మలు. వాళ్లకి ఆసుపత్రిలో సంతకం పెట్టే దిక్కు పెద్దమ్మే. బండి కదలబోతుంటే పిన్ని, కూతురి చెయ్యి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పెద్దమ్మని ఆవిడ అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేది.

"బస్సు ఎల్లిపోనాది అప్పా! గుంటని బేగి ఎక్కించుకో. కాలేజీలో సేరడానికి ఇయ్యాలే ఆకరు."

"సోటు నేదు" అంది పెద్దమ్మ.

"సన్నపిల్ల. మూల ఒదిగి కూకుంతాది."

"బెల్టులు ఐదే."

పిన్ని అద్దంలోంచి లోపలికి చూసింది. "ఆ సంటిదాన్ని ఎవురో ఒకలు ఒళ్లో ఎట్టుకుంటే నా గుంటకి సోటొత్తాది గదా అప్పా! మూడేళ్ల పిల్లకి కుర్సీ ఏటి?"

నేను వెనక్కి తిరిగి నా కూతురి బెల్టు మీద చెయ్యేశాను. "తియ్యనా పెద్దమ్మా?"

"ముట్టుకోకు" అంది. తరవాత ఆ పిల్లతో, "ఎనక జీపొత్తంది, దాంట్లో రా. బండి మీంచి సెయ్యి తియ్యి" అంది.

ఆ పిల్ల నవ్వింది. "పరవాలేదు మేడమ్, వచ్చేస్తాను" అని నా కూతురికి చెయ్యి ఊపింది. జీపు మనుషుల్ని చంపుతుందని బతుకంతా అరిచిన మనిషి, తన చేతికింద చదివిన పిల్లని జీపెక్కమంది. పెద్దమ్మే దిగిపోవచ్చు కదా అని మీరడుగుతారు. ఊరూ అదే అడిగింది.

మేము అనంతగిరి దాటి కొండ దిగి విశాఖ చేరాం. కారుకి గీత కూడా పడలేదు. ముసలమ్మలు దారంతా కునికిపాట్లు పడ్డారు. ఆసుపత్రి వరండాలో ఉండగా ఫోనొచ్చింది. జీపు మలుపులో అదుపు తప్పి పిట్టగోడని ఒరుసుకుంటూ వెళ్లిందట. లోపల ఇరుక్కుని కూర్చున్నవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. ఆ పిల్ల వెనక మెట్టు మీద ఉంది.

మేము తిరిగొచ్చేసరికి పిన్ని వాకిట్లో ఊరంతా చేరింది. పెద్దమ్మ వెళ్లి పాడె ముందు నిలబడింది. పిన్ని ఏడవలేదు. మామూలు గొంతుతో అడిగింది: "ఇయ్యాల నీ బండి దేన్ని గుద్దింది అప్పా?"

పిన్నే మళ్లీ అంది:

"గుద్దుకోని రోజున అన్ని బళ్లకీ ఐదు సుక్కలేనని నువ్వే అన్నావు గదా. ఇయ్యాల నీ బండి గుద్దుకోనేదు. బెల్టు నేకుండా కూకుంటే నా గుంటకి ఏటయ్యేది?"

అక్కడ ఏడ్చినా సరిపోయేది. కాళ్లు పట్టుకున్నా సరిపోయేది. కనీసం నోరు మూసుకుని ఉన్నా, ఏనాటికో ఊరు మెత్తబడేది. పెద్దమ్మ అంది: "రేపొచ్చి అడిగినా ఇదే సెప్తాను."

అందరూ విన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పు ఎక్కడుందో నాకిప్పటికీ తెలీదు. గుద్దుకుంటుందో లేదో ముందు తెలిసే బండి ఏ షోరూములోనూ అమ్మరు. కానీ అది బిడ్డ శవం ముందు అనే మాట కాదు. నేను నెలల పాటు ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు. అదే సమయంలో, కుర్చీలో నిద్రపోతున్న నా కూతుర్ని చూసినప్పుడల్లా, ఆ రోజు ఆమె నా చెయ్యి ఆపినందుకు లోలోపల దణ్ణం పెట్టుకునేదాన్ని. ఎవరి బిడ్డ కోసం ఎవరి బిడ్డని వదిలేసిందో నాకు బాగా తెలుసు. నా బిడ్డ కోసం. ఆ రుణం ఊళ్లో పైకి చెప్పుకునేది కాదు.

ఆ తరవాత పెద్దమ్మ కారెక్కలేదు. సంతకి వెళ్లాలంటే జీపు కోసం రోడ్డు మీద నిలబడేది. జీపు ఆగేది, మేకల్ని కూడా ఎక్కించుకునేది. పెద్దమ్మ మెట్టు మీద కాలు పెట్టబోతే డ్రైవరు తల బయట పెట్టి, "బెల్టు నేదు వార్డెనమ్మా, నువ్వెక్కకు" అనేవాడు. లోపలివాళ్లు పగలబడి నవ్వేవారు. ఎవరికీ చోటు లేదనని కొండల్లో, ఆమె ఒక్కదానికే లేదన్నారు. వారం వారం అన్నారు. ఆమె సంచీ భుజాన వేసుకుని నడిచి వెళ్లేది. నేను కారు తీసుకుని వెనకాలే మెల్లగా వెళ్లేదాన్ని.

"ఎక్కు పెద్దమ్మా. నీ సీటు ఖాళీగానే ఉంది."

"ఉండనీ. దారిలో ఎవురైనా సెయ్యెత్తుతారు" అనేది.

మూడేళ్లలో ఎవరూ చెయ్యెత్తలేదు. మా కారు కనబడితే ఎత్తబోయిన చెయ్యి కూడా దించేసుకునేవారు. ఆమె వానలో కూడా నడిచేది. వయసు మీదపడి, కాళ్లు వాచి, సంత నుంచి వచ్చాక అరుగు మీద కూలబడి, నేను నూనె రాస్తానంటే కసిరేది.

ఆమెని మోయడానికి మావాళ్లు ఇద్దరున్నారు. ఇంకో ఇద్దర్ని అరకు నుంచి కూలికి పిలిపించాం. వాళ్లకి ఆమె ఎవరో తెలియదు. పాడె కడుతుంటే ఎదురింటి పిన్ని గుమ్మం దాటి మా వాకిట్లోకి వచ్చింది. అంత కాలం తరవాత అదే రావడం. శవం వైపు కన్నెత్తి చూడలేదు.

"మీ పెద్దమ్మ కోసం రానేదు నాను" అంది నాతో.

మెట్టు మీద కూర్చుని నా కూతుర్ని పిలిచి ముందు కూర్చోబెట్టుకుంది. పొద్దుటి నుంచి ఎవరూ పట్టించుకోక దాని జుట్టు చెదిరిపోయి ఉంది. తన నడుముకి దోపుకున్న దువ్వెన తీసి పాపిడి తీసింది. జడ అల్లడం మొదలుపెట్టింది. ఒక్కో పాయా గుంజి గుంజి అల్లుతుంటే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వైపు చూసింది. నేను కదల్లేదు.

"నీకెన్నేళ్లే?" అని అడిగింది పిన్ని.

"ఆరు."

"ఆరు" అని పిన్ని ఇంకో మెలిక వేసి, బలమంతా పెట్టి లాగింది. "మా గుంటకీ నానే అల్లీదాన్ని. ఆ రోజూ నానే అల్లినాను. తలకాయంతా సితికిపోనాది గానీ జడ ఊడనేదు."

తన జుట్టుకున్న రబ్బరు తీసి కొస కట్టి, పిల్లని ఇటు తిప్పి మొహం చూసింది. చాలాసేపు చూసింది. తరవాత లేచి, విప్పేసిన జుట్టు వీపంతా పరుచుకుని ఉండగానే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

పాడె లేచింది. మేము వెనకాల నడిచాం. వాగు దగ్గరికి వచ్చేసరికి నా కూతురు నా చెయ్యి లాగింది. జడ బిగువుకి దాని కనుబొమలు పైకి లాక్కుపోయి, నుదుటి మీద వెంట్రుకల మొదళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. "నొప్పెడుతోందమ్మా, విప్పవా?" అని నడుస్తూనే అడుగుతోంది. నేను దాని చెయ్యి గట్టిగా పట్టుకుని, జడ మీద చెయ్యి వెయ్యకుండా, వాగు దాటించాను.