నిలబడితే ఆగిపోయే బండి

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. ఇప్పటికీ అంతే. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా ఊరికే లేచి గుమ్మందాకా వెళ్లి వస్తున్నాను. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. అలాంటివాణ్ణి దేవుడు పట్టుబట్టి మగ్గాల ఇంట్లో పుట్టించాడు. బెజవాడ పక్కన పటమటలో మాది నేతవాళ్ల వీధి. మా ఇంట్లో రెండు గుంటమగ్గాలు, ఒకటి నాన్నది, ఒకటి నాది. గుంటలోకి కాళ్లు దించుకుని కూర్చుని పొద్దస్తమానం చెక్కలు తొక్కాలి. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటాం. నాకు అంతకంటే జైలే నయమనిపించేది.

అందుకే యుద్ధం వస్తూనే పట్టాళంలో చేరి లారీ తోలడం నేర్చుకున్నాను. నేను లేనన్నాళ్లూ మా అమ్మ నా గుంటను అలికి, ముగ్గుపెట్టి ఉంచిందట. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, మళ్లీ ఆ గుంటలోకి దిగకుండా ఒక పాత కారు కొన్నాను. ఎవరో జమీందారు ఇంట్లో గొడ్లచావిడి పక్కన పడి ఉన్న బండి అది. బెజవాడ స్టేషను దగ్గర పెట్టుకుని బాడుగకు తిప్పుతానన్నాను.

నాన్న పంచె అంచు సవరించుకున్నాడు. "వానలున్నన్నాళ్లూ తిప్పుకోరా. గుంట ఆరేలోగా ఆ బండి నీకు కూడు పెడితే సరే. లేదా, దాన్ని అమ్మేసొచ్చి మగ్గంలో కూర్చో," అన్నాడు.

వానాకాలం మా గుంటల్లో నీరు ఊరుతుంది, నూలుకు పెట్టిన గంజి ఆరదు. వీధి మొత్తం పని ఆగిపోతుంది. అంటే నాన్న నాకిచ్చింది ఎలాగూ పనిలేని కాలం. అంత లెక్కగల మనిషి. నాకు కోపం వచ్చింది, అయినా ఒప్పుకున్నాను.

బండి పరుగెత్తితే బాగానే పరుగెత్తేది. నిలబడితేనే చచ్చేది. కారు కదలనప్పుడు కూడా ఇంజను తనంతట తాను మెల్లగా తిరుగుతూ ఉండాలి. మేము దాన్ని స్లో అనేవాళ్లం. ఆ స్లో మరీ తగ్గితే ఇంజను వణికి ఆగిపోతుంది. మరీ పెరిగితే ఉన్నచోటే ఉండి పెట్రోలంతా తాగేస్తుంది. సరిగ్గా ఉన్న బండి పక్కన నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, సీటు అదరదు, చప్పుడు ఎగుడుదిగుడు లేకుండా ఒకేతీరున వస్తుంది. నా బండి మాత్రం నాలుగు సార్లు సవ్యంగా కొట్టుకుని, ఒకసారి ఎక్కిళ్లు పెట్టి, ఒళ్లంతా జాడించి, ఠక్కున ఆగిపోయేది. నేను దిగి, ముందుకొచ్చి, బురదలో హాండిలు వేసి తిప్పాలి. ఒక్కచోట నిలవలేని నేను, ఆ ఇంజను ఒక్కచోట నిలిచి తిరగాలని దేవుళ్లకు మొక్కుకున్నాను.

షెడ్డులో మెకానిక్కు మొదట ప్లగ్గుల మసి అన్నాడు. గీకాడు. తరవాత పాయింట్లన్నాడు. రుద్దాడు. కార్బొరేటరు అతుకు దగ్గర గాలి లాగుతోందన్నాడు. కొత్త అట్ట కోసి వేశాడు. ఏం లాభం లేదు. ఆఖరికి స్లో జెట్టు విప్పాడు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు పోయే దారి అది, సూది దూరేంత బెజ్జం. దాన్ని నోటితో ఊదాడు. బండి చక్కగా నిలబడింది. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు.

"చెత్త పడుతోందయ్యా. పెట్రోలు వడగడుతున్నావా లేదా?" అన్నాడు.

వడగట్టకేం? అప్పట్లో పెట్రోలు రేషను కూపన్ల మీద, డబ్బాల్లో వచ్చేది. అడుగున నీళ్లూ తుప్పూ ఉండేవి. నేను బండి కొన్న వారంలో అడక్కుండానే నాన్న, వానలకు ముందు మగ్గం మీంచి దించిన చివరి బట్టలోంచి ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. "మెత్తటిది కాదు, దట్టంగా నేశాను. దీంట్లోంచి నలుసు కూడా దిగదు," అన్నాడు. బండి అంటే ఇష్టంలేని మనిషి ఇచ్చిన బట్ట అది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. దాన్ని నేలమీద పెట్టేవాణ్ణి కూడా కాదు. మెకానిక్కు ఆ మాట అన్నాక ఒకసారి వడగట్టే పెట్రోలును రెండుసార్లు వడగట్టడం మొదలుపెట్టాను. ఎక్కిళ్లు ఇంకా ఎక్కువయ్యాయి.

విసుగెత్తి స్లో మర బిగించి ఇంజనును జోరుగా తిరగనిచ్చాను. ఆగడం తగ్గింది, కూపన్లు నెల సగంలోనే అయిపోయాయి. మళ్లీ వదులు చేశాను.

ఆ సమయంలో పాతఊళ్లో ఉండే ఒక బియ్యం వ్యాపారి దొరికాడు. గుణదలలో ఇల్లు కట్టిస్తున్నాడు. రోజూ పొద్దున తీసుకెళ్లి, మధ్యాహ్నం తీసుకొస్తే ఏడాది పొడుగునా బాడుగ నాకేనన్నాడు. అదొక్కటి కుదిరితే నేను గెలిచినట్టే. మొదటిరోజే దారిలో రైలు గేటు పడింది. బండి ఆగిపోయింది. హాండిలు తిప్పాను. మళ్లీ ఆగింది. గేటు తీశారు, వెనక జట్కాలవాళ్లు కేకలు. ఆయన తలుపు తీసుకుని దిగి, పంచె ఎగ్గట్టి, "ఏమయ్యా, నడిస్తే ఈపాటికి పోయుండేవాణ్ణి గదా. ఎల్లుండి రా. అప్పుడూ ఇట్టాగే అయితే ఇంక రాకు," అని జట్కా ఎక్కేశాడు.

అప్పటికే వానలు వెలిశాయి. ఇంటికొచ్చేసరికి వీధి చివర ఒక మగ్గం మోగుతోంది. గుంటలు ఆరుతున్నాయన్నమాట, నాన్న పెట్టిన గడువు దగ్గరపడింది.

మర్నాడు వాకిట్లో కూర్చుని నేనే జెట్టు విప్పాను. సన్నటి తీగతో పొడిస్తే లోపలినుంచి బూడిదరంగు ఉండ ఒకటి వచ్చి సత్తుపళ్లెంలో పడింది. అటుగా వెళుతున్న నాన్న వంగి దాన్ని తీసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాడు. విప్పి చూశాడు.

"ఇది దుమ్ము కాదురా. నూగు. గంజి పట్టిన నూగు." ఉండను పళ్లెంలో వేసి, "ఆ బట్ట తే," అన్నాడు.

తెచ్చాను. ఎండకు ఎదురుగా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు. సన్నటి పొడి, పోగుల తుంపులు గాల్లో తేలాయి. మేము నేసిన బట్టను మేమెప్పుడూ తడపం. తడిపితే పాతబట్ట కింద లెక్క, ఎవరూ కొనరు. ఉతకడం కొన్నవాళ్ల పని. గంజి మీదున్న కొత్తబట్టే మా కంటికి శుభ్రమైన బట్ట. వీధిలో ఎవరినడిగినా అదే ఇచ్చుండేవాళ్లు.

"నేనిచ్చిందేనట్రా ఇది?" అన్నాడు నాన్న. అంత నీరసంగా ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు. కావాలని చేశాడనుకుంటానని భయపడ్డాడేమో. నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఆయన భుజం మీది పాత కండువా తీశాడు. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి పొరలా అయిపోయిన బట్ట. దాన్ని పళ్లతో కొరికి, రెండు చేతులా పట్టుకుని చించాడు. మా ఇంట్లో బట్టను కత్తెరతో కోస్తారు, చించరు. చప్పుడుకు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఇది వాడు," అని ఒక ముక్క నా ఒళ్లో వేసి వెళ్లిపోయాడు.

ట్యాంకు ఖాళీచేసి కడిగాను. ఉన్న పెట్రోలంతా ఆ పాతగుడ్డలో వడగట్టాను. చెప్పిన రోజున వ్యాపారిని ఎక్కించుకుని వెళితే అదే గేటు పడింది. గూడ్సు, తెమలదు. నా కాలు అదురుతోంది. ఇంజను మాత్రం ఒకేతీరున తిరుగుతోంది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన తల వాల్చి నిద్రపోతున్నాడు. నాకు పట్టరానంత సంతోషం కలిగింది.

ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. లోపలికి వెళ్లేసరికి నా గుంట లేదు. మట్టి పోసి, దిమ్మిస కొట్టి, అలికి ఉంది. నాన్న చేతులకంటిన మట్టి కడుక్కుంటున్నాడు.

"నిలబడిందా?"

"నిలబడింది నాన్నా."

"సరే," అని తన గుంటలోకి దిగాడు.

నేను ఎన్నేళ్లనుంచో కోరుకున్నదే. అయినా ఏడుపు ముంచుకొచ్చింది. ఆ తడి అలుకు మీదే కూలబడ్డాను. అలా కదలకుండా నేను ఎప్పుడూ కూర్చోలేదు. నాన్న నేయడం మొదలుపెట్టాడు. ఇల్లంతా ఒక్క మగ్గం చప్పుడు. నేను పట్టాళంలో ఉన్నన్నాళ్లూ ఆయన విన్నది ఇదే.