మహారాణి గారి ప్లాస్టిక్ మంచు

ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో ఎవరు ఏం చెప్పినా ఇట్టే నమ్మేదాన్ని. ఐర్లండంటే మోకాలిలోతు మంచని ఏలూరులో మా పిన్ని చెబితే నమ్మి, సూట్‌కేసు నిండా ఉన్ని స్వెట్టర్లు కుక్కుకుని కాజిల్‌బార్‌లో దిగాను. (ఉన్నదల్లా వాన. ఆ స్వెట్టర్లు ఉతికితే వారానికి గాని ఆరేవి కావు.) అక్కడ వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేరాను. నాకు అప్పగించిన వాళ్లలో ఒకావిడని మేమంతా చాటుగా మహారాణి అనేవాళ్లం. ఎనభై దాటిన మనిషి, పుట్టింది ఆస్ట్రియాలో. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకి, దేశదేశాల అమ్మాయిలు వచ్చిన ఫిగర్ స్కేటింగ్ పోటీలో తనూ దిగిందట. తర్వాత ఇక్కడి మేయో జిల్లా రైతునొకణ్ణి ప్రేమించి, చెరువు గడ్డకట్టడమే ఎరగని ఈ ఊరికి కోడలిగా వచ్చేసింది. "పోటీలో ఎన్నో స్థానమండీ?" అని అడిగితే, "ఆఖరు" అనేది, మొదటి బహుమతి కొట్టినంత దర్జాగా.

ఒక క్రిస్మస్‌కి ఊళ్లో ఐస్ రింక్ పెట్టారని తెలిసి ఆవిడకి అన్నం సయించలేదు. "నన్ను తీసుకెళ్లు. ఒక్కసారి చేత్తో ముట్టుకుంటే చాలు" అంది. మేనేజర్‌ని బతిమాలి, నా సెలవు రోజున చక్రాల కుర్చీలో తీసుకెళ్లాను. ముత్యాల దండ, లిప్‌స్టిక్, బొచ్చుటోపీ! రింక్ అంచున గ్లవ్ తీసి, వంగి, అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచి, "ఇది ప్లాస్టిక్" అంది.

"జారుతుంది కదా మామ్మా, గ్రాండ్!" అన్నాడు టికెట్లబ్బాయి. (ఇక్కడ ఏది ఫర్వాలేదనిపించినా 'గ్రాండే'.)

ఆవిడ మొహం చూడలేక, స్కేట్లు తొడుక్కుని, "మీరు చెప్పండి, నేను చేస్తాను" అన్నాను. (అంతకు ముందు నేను జారింది మా ఇంటి బాత్రూంలోనే.)

"ఎనిమిది అంకె గియ్యి. మోకాళ్లు వంచు. చూపు పైకి!"

చూపు పైకే పెట్టాను. పైన ఆకాశం కనిపించింది, కింద మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఎంత చెప్పినా వెళ్లకుండా నా పక్కనే కూర్చుంది. "ఆ పోటీలో నేనూ పడ్డాను, మొదట్లోనే. లేచి చివరిదాకా చేశాను. ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ తర్వాతి అమ్మాయి మీదే" అని, "నాది నిజం మంచు. నీది అదీ కాదు" అంది. నవ్వబోయి ఏడ్చేశాను. ఆవిడ మటుకు ఏడవలేదు.

వేసవి రాకుండానే ఆవిడ పోయింది. అంత్యక్రియల రోజు చర్చిలో ఫాదర్ ఆవిడ చేసే జామ్ గురించి, తోట గురించి బోలెడు చెప్పారు. స్కేటింగ్ ఊసే లేదు. తర్వాత హాల్లో టీ ఇస్తుంటే ఆవిడ కొడుకు దగ్గరికెళ్లి ఆ సంగతే అడిగేశాను.

"అమ్మా? స్కేటింగా?" అన్నాడాయన మర్యాదగా. "మీరు ఇంకెవరినో అనుకుంటున్నారేమో."

"లేదండీ, మీ అమ్మగారే! పడ్డారు, లేచారు, పూర్తి చేశారు!" నా ఏలూరు ఇంగ్లీషు హాలంతా మోగింది. కప్పులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. ఆయన పళ్లెం నా వైపు జరిపి, "ఇంకో శాండ్‌విచ్ తీసుకోండి" అన్నాడు.

తీసుకున్నాను. ఇప్పుడు నా ఇంగ్లీషు బాగుపడింది, ఎక్కడ ఊరుకోవాలో కూడా వచ్చింది. అయినా ఆ హాల్లో నోట్లో గుడ్డు శాండ్‌విచ్‌తో, కళ్లనిండా నీళ్లతో నిలబడ్డ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. ఇప్పుడైతే నేను అంత గట్టిగా అరవలేను.