నేను వాదించి గెలిచిన ఆ గంట

సహోదరులారా, మీ బిడ్డను గూర్చి మిమ్మల్నే సాక్షిగా కూర్చోబెట్టి అడిగితే, ఉన్నది చెబుతారా, ఉండాలని కోరుకున్నది చెబుతారా?

నేను రెండవదే చెప్పాను. కళాశాలలో చర్చాపోటీలకు కప్పులు తెచ్చుకున్నవాణ్ణి, హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఏ బోధనైనా ప్రశ్నించి గాని అంగీకరించనివాణ్ణి. అయినా మన ప్రార్థన కూటాల్లో తరచు వినే ఒక్క మాటను, లోపాన్ని నోటితో ఒప్పుకుంటే అది నిలిచిపోతుందనే మాటను, ఎన్నడూ ప్రశ్నించలేదు. మా పాప కెజియాకు మూడేళ్లు నిండినా మాటలు రాకపోతే కొండాపూర్‌లో ఒక సైకాలజిస్టుకు చూపించాం. ఆమె పాపను కాసేపు ఆడించి, "ఇక్కడ నాకు కనబడేది కొంచెమేనండి, ఇంట్లో ఎలా ఉంటుందో మీరే చెప్పాలి," అంది.

పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా? చూస్తుంది. కావలసినది వేలుతో చూపిస్తుందా? చూపిస్తుంది. తోటిపిల్లలతో ఆడుతుందా? బ్రహ్మాండంగా! నా భార్య సునీత నోరు తెరవబోయిన ప్రతిసారీ బల్ల కింద ఆమె చేతిని నొక్కాను. ఇప్పుడే ఏదీ తేల్చలేనని, ఆరు నెలలకు మళ్లీ తీసుకురమ్మని సైకాలజిస్టు చెబితే, నేను తీసుకువెళ్లకపోగా స్వస్థత కలిగిందని సంఘంలో సాక్ష్యమిచ్చాను. మీరంతా చప్పట్లు కొట్టారు!

ఏడాది తరువాత ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, కెజియా గేటు దాటి కూకట్‌పల్లి రోడ్డు మీదికి నడిచింది. పేరు పెట్టి అరిచాను, అరుస్తూనే పరుగెత్తాను. పాప తిరిగి చూడలేదు. పూలమ్మే ఒకావిడ రెక్క పట్టుకుని ఆపింది.

సునీత పాపను గుండెకు హత్తుకుని నా వైపు చూసింది. "పిలిస్తే చూస్తదంటివి గదా? ఏదన్న కావాల్నంటే నా చెయ్యి పట్టి గుంజుతది గని, ఒక్కపారన్న వేలుతోని చూపిచ్చిందా? డాక్టరమ్మ ముందర గెలిచినవ్ లే, ఆ కప్పు ఏడ పెడ్తవ్?"

అక్కడే మోకరించి, "ప్రభువా, విశ్వాసమని పేరు పెట్టి అబద్ధమాడాను, నా బిడ్డకు అందవలసిన సాయాన్ని నా నోటితోనే ఆపాను, ఈ నోటిని విడిపించు," అని ఏడ్చాను.

ఆ వారమే మళ్లీ వెళ్లాం. ఈసారి సునీత చెప్పింది, నేను విన్నాను. ఆటిజం అన్నారు. శిక్షణ మొదలైంది. కెజియాకు ఇప్పటికీ మాటలు రాలేదు. మొన్న మాత్రం నీళ్ల సీసా వైపు వేలు చూపింది. పోగొట్టుకున్న ఏడాది తిరిగి రాదు, ఆ దుఃఖం నాతోనే ఉంటుంది. విడుదల పొందినది పాప కాదు సహోదరులారా, నేను! నన్ను సత్యంలో నిలిపిన దేవునికే మహిమ.

అన్నీ ఎరిగిన ప్రభువే తన యొద్దకు వచ్చినవారిని బాధేమిటని అడిగి, వారి నోట విన్నాడు. సత్యం చెబితే ఆయన మనల్ని విడిచిపెడతాడా? ఆయనను నమ్మండి. మీ బిడ్డ విషయంలో అనుమానముంటే ఈ వారమే వెళ్లండి. చూసింది చూసినట్టు చెప్పండి. పక్కన కూర్చున్న తల్లి చేతిని మాత్రం నొక్కకండి.