తల రంగు తిరిగిన పక్షులు

ఆ ఏడు ఉగాదికి ముందు ఆదివారం నేను మా అత్తను సూర్యలంక సముద్రానికి తీసుకెళ్ళింది సరదాకు కాదు, ఆమె కళ్ళు పరీక్ష చెయ్యడానికి. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది. అయినా రాస్తాను.

మాది రాజుపాలెం పక్కన పల్లె. మిరపకాయల కాలంలో అత్తా నేనూ కల్లాల్లో కాయలు గ్రేడింగ్ చేసే కూలికి వెళ్ళేవాళ్ళం. ఎండిన కాయల రాశి ముందు ఎదురెదురుగా కూర్చుని ఎర్రకాయ ఒక పక్కకు, తెల్లబారిన తాలుకాయ ఇంకో పక్కకు వెయ్యాలి. ఎర్రకాయల్లో తాలు కనిపిస్తే రైతు మేస్త్రిని తిడతాడు, మేస్త్రి మమ్మల్ని తిడుతుంది. ఆ ఏడు మా కుప్పలో రోజూ తాలు తేలుతోంది. అత్తకు డెబ్బై దాటాయి, నాకు నలభై ఆరు. ఇక తప్పు ఎవరిదని అడగాలా? నా నోటికి ముందే హద్దూ పద్దూ ఉండదు. బుధవారం మేస్త్రి గదిమితే, "మా అత్తకి చూపు ఆనట్లేదక్కా" అనేశాను.

"అయితే సోమవారం నుంచి ముసలామెని తీసుకురాబాక" అంది మేస్త్రి.

అత్తకు కల్లమంటే ప్రాణం. ఒక్క రోజు ఇంట్లో కూర్చోమంటే జ్వరం తగిలినదానిలా అయిపోతుంది. ఆమెకు ఈ కబురు ఎలా చెప్పాలో తోచలేదు. ఇంతలో కల్లం ఆడవాళ్ళు బండి మాట్లాడుకుని సముద్ర స్నానానికి బయల్దేరారు. అక్కడ దూరాన ఏదైనా చూపించి, కనపడటం లేదని ఆమె నోటితోనే అనిపిస్తే పని తేలికవుతుందనుకున్నాను.

ఒడ్డున గాలి పైట నిలవనివ్వలేదు. మిగతావాళ్ళు సెల్‌ఫోన్లు నాకప్పగించి నీళ్ళలోకి దిగారు. అత్తా నేనూ పడవ చాటున కూర్చున్నాం. కాస్త దూరంలో తడి ఇసుక మీద పక్షులు బారుగా నిలబడ్డాయి. అన్నీ గాలికి ఎదురు తిరిగే ఉన్నాయి.

"అత్తా, ఆ పిట్టలు కనపడుతున్నాయా?"

"ఎందుకు కనపడవే?"

"ఏ రంగు?"

"ఒళ్ళు తెలుపు, రెక్కలు బూడిద రంగు. కొన్నిటికి తల గోధుమ రంగు. కొన్నిటికి ఇంకా సగమే వచ్చింది. కాళ్ళేమో మేలురకం మిరపకాయలాగా ఎర్రగా ఉన్నయ్."

నేను చూశాను. నాకు తలల రంగు తెలియలేదు, కాళ్ళు అసలు కనపడలేదు. ఇసుక మీద తెల్లగుడ్డలు ఆరేసినట్టుంది, అంతే. ముసలిది ఎంత తెలివిగా కోతలు కోస్తోంది అని ఒళ్ళు మండింది. మళ్ళీ చూశాను. గాలికి కళ్ళలో ఇసుక పడిందేమోనని సీసాలో నీళ్ళతో కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకున్నాను. ఒక కన్ను మూసి చూశాను, రెండోది మూసి చూశాను. ఎటు చూసినా తెలుపే.

"అసలు నువ్వు ఏ పిట్టల్ని చూస్తున్నావు?" అని కసిరాను.

"నువ్వు చూపిచ్చినయ్యే గదా" అంది అత్త.

నాకేమీ అర్థం కాలేదు. ఆమె అబద్ధమాడుతోందా, నేనే వేరే వైపు చూస్తున్నానా? అబద్ధమైతే సగం తలల సంగతి ఎలా కల్పిస్తుంది? లేచి, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, ఆ పిట్టల తలలు ఏ రంగు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కనపడటంలా అమ్మా? చలికాలం తెల్లగా ఉంటయ్. ఎండలు ముదిరేకొద్దీ తల గోధుమ రంగుకి తిరుగుద్ది. కొన్నిటికి తిరిగింది, కొన్నిటికి ఇంకా తిరగలా. అన్నిటికీ తిరిగాక ఎల్లిపోతయ్."

"కాళ్ళు?"

"ఎరుపు."

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత నా కోసమే పుట్టిందనిపించింది. నా కళ్ళలో శుక్లాలున్నాయని డాక్టరు చెప్పింది ఆ మరుసటి నెలలో గానీ, నాకు తెలిసింది మాత్రం ఆ ఇసుకలోనే. తిరిగొచ్చి అత్త పక్కన కూర్చున్నాను.

"కుప్పలో తాలు నాదేనా అత్తా?"

"నీదే. మాఘమాసం నుంచీ చూస్తన్నా. నువ్వు ఎర్రకాయల్లో ఏసిన తాలు నేను ఏరతానే ఉన్నా. ఉన్నయ్యి రెండు చేతులేనాయె, కొన్ని జారిపోతన్నయ్."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే నీ నోటికి అడ్డమెవరు?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. "అత్తా, బుధవారం నేను మేస్త్రితో ఒక మాటన్నాను" అని మొదలుపెట్టాను.

"తెలుసులే. శుక్రవారం మేస్త్రి నన్నడిగింది, చూపు పోయిందంట గదా అని. ఔనన్నా."

"ఎందుకన్నావు?"

"నీదని తెలిస్తే నిన్ను మానిపిచ్చిద్ది. నేను ఇంకెన్నాళ్ళు చేస్తానే? కాకపోతే, నేను లేకపోతే నీ తాలు ఎవరు ఏరతారా అని, రెండు రోజుల్నించి నిద్ర పట్టటంలా."

సోమవారం పొద్దున్నే అత్త అన్నం గిన్నె నేనే సర్దాను. వద్దు వద్దంటున్నా వినకుండా కల్లం దాకా తీసుకెళ్ళి, అందరి ముందూ మేస్త్రికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అత్త వెళ్ళి రాశి ముందు తన చోట కూర్చుంది. నేను ఇంటికొచ్చాను.