పోలిరాజు కట్టిన బండి

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక షెడ్డులో పోలిరాజు ఇంజన్ని చూడడు, వింటాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. అలా వింటూ వింటూనే తనకోసం ఒక బండి కట్టుకున్నాడు. పాత బుల్లెట్టు చాసిస్, దానికి పెట్రోలు ఇంజను, వెనక చక్రంలో బ్యాటరీతో తిరిగే మోటారు. చాసిస్ తెచ్చిచ్చింది చెల్లెలి మొగుడు నానాజీ. హ్యాండిల్ కింద చాసిస్ నంబరుండే చోట మాత్రం పట్టుబట్టి తనే నల్లరంగు వేశాడు. "నా సెయ్యి కూడా పడాలి కదేటి బావా" అని నవ్వాడు. ఆ తర్వాత టీకొట్టు దగ్గర ఎవరడిగినా "మేవిద్దరం కట్టేం" అనేవాడు. పోలిరాజుకి లోపల చివుక్కుమనేది. లుంగీకి చేతులు తుడుచుకునేవాడు.

చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇద్దరూ బండిని రిజిస్ట్రేషనుకి తీసుకెళ్లారు. ఇన్‌స్పెక్టరు నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలుతో రుద్దాడు. అంకెలు వంకరగా పడ్డాయి. అనుమానమొచ్చి బ్లేడుతో రంగు గీకాడు. పాత నంబరు అరగదీసి, దాని మీద కొత్తది కొట్టి ఉంది.

"ఇది దొంగ చాసిస్. ఎవరు కట్టారీ బండి?"

పోలిరాజు నానాజీ వైపు చూశాడు. నానాజీ అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బండంతా మా బావే కట్టేడు సార్. నేను సెయ్యి కూడా ఎయ్యలేదు."

పోలిరాజు కళ్లు మూసుకుని విన్నాడు. ఇన్నాళ్లూ ఆ నోట వినాలనుకున్న మాట అదే.